ఏ350, 787, 777: ఏళ్ల తరబడి ఎకానమీలో తిరిగాక

సుదూర ప్రయాణాలకు నేను ఎప్పుడూ ఎకానమీలోనే వెళ్తాను. బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ330, ఏ350 అన్నిట్లోనూ రాత్రంతా కూర్చుని వెళ్లినవాణ్ని. టికెట్ ధరల్లో పెద్ద తేడా లేకపోతే ఇప్పుడు నేను వెతికేది ఏ350. అది దొరక్కపోతే 787. ఇద్దరం కలిసి వెళ్తుంటే మాత్రం పాత ఏ330 అయినా సంతోషంగా ఎక్కుతాను.

దిగాక ఒళ్లు ఎలా ఉందన్నదే నాకు మొదటి పరీక్ష. 777, ఏ330ల బాడీ ప్రధానంగా అల్యూమినియం. పైకెళ్లినప్పుడు లోపలి గాలి ఒత్తిడి 8,000 అడుగుల కొండ మీద ఉండేంత వరకూ తగ్గవచ్చు. అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంచితే, ఎక్కి దిగిన ప్రతిసారీ సాగి ముడుచుకునే ఆ లోహం త్వరగా అలసిపోతుంది. 787 బరువులో సుమారు 50 శాతం, ఏ350లో 53 శాతం కాంపోజిట్లే, అంటే ప్రధానంగా కార్బన్ పీచుతో గట్టిపరిచిన ప్లాస్టిక్. వాటికి ఆ అలసట బాధ తక్కువ కాబట్టి లోపల 6,000 అడుగుల స్థాయి ఉంచగలుగుతున్నారు. తుప్పు భయం కూడా తక్కువ, అందుకని గాలిలో కాస్త తేమ ఉన్నా ఫర్వాలేదు. 777 దిగాక గొంతు ఎండిపోయి, తల బరువుగా ఉండేది నాకు. ఈ కొత్త రెండింటిలో అది బాగా తగ్గింది. ఈ విషయంలో రెండూ సమానమే. 787లో క్యాబిన్ గాలిని ఇంజిన్ల నుంచి కాకుండా ఎలక్ట్రిక్ కంప్రెసర్లతో తీసుకుంటారు. ఇంజినీరింగ్‌గా అది గొప్ప మార్పే, కానీ సీట్లో కూర్చున్న నాకు తేడా ఏమీ తెలియలేదు.

తెలిసే తేడా భుజాల దగ్గర. లోపలి వెడల్పు 787లో 5.49 మీటర్లు, ఏ350లో 5.61. ఆ 12 సెంటీమీటర్లు ఊరికే రాలేదు. ఎయిర్‌బస్ మొదట ఏ330నే కొద్దిగా మార్చి 787కు పోటీగా పెడదామనుకుంది. విమానయాన సంస్థలు ఒప్పుకోకపోవడంతో 2006లో బాడీని వెడల్పు చేసి డిజైన్ మళ్లీ మొదలుపెట్టింది. పేరులోని ఎక్స్‌డబ్ల్యూబీ అంటే ఎక్స్‌ట్రా వైడ్ బాడీ అనే. రెండింటిలోనూ సాధారణంగా వరసకు 9 సీట్లే, కాబట్టి ఒక్కో మనిషికి సెంటీమీటరు పైచిలుకు ఎక్కువ వస్తుంది. వినడానికి చిన్నదే. పక్కాయన మోచెయ్యి ఎనిమిదో గంటలో ఎక్కడుందన్నది మాత్రం దానిమీదే ఆధారపడుతుంది. 777 వెడల్పు 5.87 మీటర్లు, ఈ నాలుగింటిలో అదే విశాలం. మొదట్లో అందులోనూ చాలామంది 9 సీట్లే వేసేవారు, తర్వాత 10 మామూలైపోయింది. దాంతో పెద్ద విమానంలోనే ఎక్కువ ఇరుకు. తయారీదారు ఇచ్చిన చోటును ఎయిర్‌లైన్స్ తీసేసుకుంటున్నాయి, నా కోపం వాటిమీదే. సుదూర మార్గాల్లో 787ను 2-4-2గా, అంటే రెండు నడవల మధ్య నాలుగు, అటూ ఇటూ రెండేసి సీట్లతో నడిపే జపాన్ ఎయిర్‌లైన్స్‌ను చూస్తే కావాలనుకుంటే కుదురుతుందని అర్థమవుతుంది. అందుకే మోడల్ పేరు చూశాక సీట్ మ్యాప్ కూడా తప్పకుండా చూడండి. కొన్ని ఏ350ల్లో కూడా 10 సీట్లు బిగిస్తున్నారు.

కిటికీల్లో 787దే పైచేయి. పెద్దవి, నడవ పక్కన కూర్చున్నా ఆకాశం కనిపిస్తుంది. అయితే షటర్ ఉండదు, బటన్ నొక్కితే అద్దమే నీలంగా ముదురుతుంది. పూర్తిగా ముదిరాక కూడా సూర్యుడు నేరుగా ఉంటే వెలుతురు లోపలికి వస్తూనే ఉంటుంది. పైగా సిబ్బంది అన్నిటినీ ఒకేసారి ముదురు చేసి లాక్ చేయగలరు. బయటికి చూడ్డానికే కిటికీ సీటు తీసుకునే నాలాంటివాళ్లకు అది చాలా బాధ. ఏ350లో పాతకాలం షటరే, నాకు అదే ఇష్టం. తోక మీది కెమెరా దృశ్యం స్క్రీన్లో వస్తే ల్యాండింగ్ అంతా అదే చూస్తూ కూర్చుంటాను.

శబ్దంలో నా చెవులకు ఏ350 మిగతా మూడింటికంటే నెమ్మది. 777లో పొడవైన రకమైన 777-300ఈఆర్ టేకాఫ్ హోరు వినడానికి బాగుంటుంది, రాత్రంతా రెక్క వెనకాల పడుకోవాలంటే మాత్రం కష్టం.

ఏ330లో గాలి ఒత్తిడి 777లాగే పాత పద్ధతిదే, కొన్నిట్లో కాళ్ల దగ్గర స్క్రీన్ల తాలూకు పెట్టె అడ్డమొస్తుంది. అయినా 2-4-2 కాబట్టి కిటికీ వైపు ఇద్దరే కూర్చుంటారు, లేవాలంటే మూడో మనిషిని నిద్ర లేపక్కర్లేదు. 777 తప్పనిసరైతే చివరి వరసలు చూడండి. బాడీ సన్నబడే చోట 3-4-3 కాస్తా 2-4-2 అవుతుంది, పక్కన గోడకూ సీటుకూ మధ్య బ్యాగు పెట్టుకునేంత చోటు కూడా మిగులుతుంది.