తిరుపతి ఎండావానల్లో మా అల్యూమినియం కిటికీలు

తిరుచానూరు రోడ్డు వైపు మేం ఇల్లు కట్టుకుని పదేళ్లు దాటింది. కిటికీలన్నీ అల్యూమినియమే. అంతకుముందున్న ఇంట్లో నాటుచెక్క కిటికీలు. కార్తీకమాసం వానలకు రెక్కలు ఉబ్బి పట్టేసేవి, ఎండాకాలానికి సందులు తేలేవి. చెదల సంగతి సరేసరి.

ఇప్పుడా బాధ లేదు. అల్యూమినియానికి గాలి తగలగానే పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. మా కిటికీల బయట ఇనుప గ్రిల్స్ ఉన్నాయి. వాటికి తుప్పు గీకి పెయింటు కొట్టిస్తూనే ఉన్నాం, పక్కనున్న ఫ్రేములకు తడిగుడ్డతో సరి. ఇనుములో మూడో వంతు బరువే కాబట్టి హాల్లో పెద్ద స్లైడింగ్ రెక్కను మా అమ్మ కూడా ఒంటిచేత్తో జరిపేస్తుంది.

2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైనప్పుడు మాత్రం టెన్షన్ పడ్డాం. కింది ట్రాక్ నిండి, నీళ్లు గోడ వెంట హాల్లోకి దిగాయి. చూస్తే ట్రాక్ బయటి అంచుకు నీళ్లు పోయే కన్నాలే లేవు! బిగించినాయన వదిలేశాడు. తర్వాత కన్నాలు కొట్టించి, ఫ్రేముకీ గోడకీ మధ్య సిలికాన్ మళ్లీ పట్టించాం. ఇప్పటిదాకా చుక్క రాలేదు. కాకపోతే వాన వెలిసిన రాత్రి ఉసిళ్లు రాలి ఆ కన్నాలు పూడిపోతాయి, పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చుకోవాలి. ఇసుక చేరితే రోలర్లు కూడా త్వరగా అరుగుతాయి.

ఎండ విషయంలో పొగడలేను. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి పడమటి గది ఫ్రేము మీద చెయ్యి పెట్టలేం. అల్యూమినియం వేడిని ఇట్టే లోపలికి తెచ్చేస్తుంది. ఆ ఒక్క విషయంలో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు నయం. మధ్యలో వేడిని ఆపే పట్టీ ఉన్న అల్యూమినియం ఫ్రేములూ ఉన్నాయి గానీ, ఖరీదు ఎక్కువ.

సెక్షన్ (రెక్కలు, ఫ్రేములు చేసే అల్యూమినియం బద్ద) మందం దగ్గర బేరం వద్దు. 1.5 మిల్లీమీటర్ల సెక్షన్‌తో చేసిన గాజు రెక్కలు గట్టిగా ఉన్నాయి, పలచటి సెక్షన్‌తో చేసిన దోమల మెష్ రెక్కలు మూలల్లో వదులయ్యాయి. ప్లాస్టరింగ్ అయ్యాకే బిగించమనండి. సిమెంటు పడి ఎండితే ఆ మచ్చలు పోవు.

బాత్రూమ్ తలుపులకు అల్యూమినియం భేష్. సింహద్వారం మాత్రం టేకే. పసుపు రాసి బొట్లు పెట్టే గడప లోహానిదంటే అమ్మ ఒప్పుకోదు, నాకూ మనసొప్పలేదు. ఇప్పుడు పైపోర్షన్ వేస్తున్నాం. కిటికీలు మళ్లీ అల్యూమినియమే, పడమర వైపు సన్‌షేడ్ మాత్రం బాగా ముందుకు పొయ్యమని మేస్త్రీకి చెప్పాను.