కొండ దిగాక తిరుపతిలో ఒక సాయంత్రం, ఒక పొద్దున

దర్శనమయ్యాక తిరుపతిలో ఆగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. కొండ బస్సు దిగడం, బస్టాండు దగ్గర దొరికిందేదో తినడం, లడ్డూల సంచి ఒళ్లో పెట్టుకుని కడప బస్సెక్కడం. ముప్పై ఏళ్లుగా ఇంతే. ఈసారి మా అక్క కూతురు పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేరింది. "పిన్నీ, అవ్వను తీసుకొచ్చి ఒక్క రాత్రి ఉండండి. మేం రోజూ ఏం తింటామో చూపిస్తా" అని నెల రోజులు ఫోన్లో పోరు పెట్టింది. అమ్మకు డెబ్బై దాటాయి, షుగరు ఉంది, బయటి తిండి అంటేనే టెన్షన్. అయినా మనవరాలి మాట కాదనలేక సరేనంది.

ముందు గది సంగతి. బస్టాండు ఎదుటి శ్రీనివాసంలో గానీ, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణు నివాసంలో గానీ దేవస్థానం గది దొరికితే అంతకు మించింది లేదు. అద్దె తక్కువ, ఎక్కడికి పోవాలన్నా దగ్గర. మేం ఆలస్యంగా చూసుకున్నాం, దొరకలేదు. స్టేషన్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. వేడినీళ్లు రోజంతా వస్తాయని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. వచ్చింది పొద్దున ఎనిమిది వరకే. లిఫ్టు పాడైందన్న మాట సామాను దించాక గానీ చెప్పలేదు. మోకాళ్ల నొప్పులతో అమ్మ రెండంతస్తులు ఎక్కింది. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు డబ్బు కట్టకముందే లిఫ్టు ఎక్కి చూడండి, కొళాయి తిప్పి చూడండి. మొహమాటపడొద్దు. ఆ గదిలో మెచ్చుకోవాల్సింది కిటికీ ఒక్కటే. తెరవగానే గోవిందరాజస్వామి గుడి పెద్ద గోపురం కనిపించింది. దాన్ని కట్టించింది మా సిద్ధవటం ఏలిన మట్లి వంశపు అనంతరాజు అని చెబితే, అమ్మ కిటికీ దగ్గరే నిలబడి రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

సాయంత్రం ఆరున్నరకు ఆటోలో బాలాజీ కాలనీ వైపు వెళ్లాం. యాత్రికుల తిరుపతి వేరు, ఊళ్లోవాళ్ల తిరుపతి వేరు అని నాకు అప్పుడే తెలిసింది. బస్టాండు దగ్గర తినే మనిషి మళ్లీ ఏ ఏడాదికి వస్తాడో. ఇక్కడ తినేది వెంకటేశ్వర యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ పిల్లలు. రేపు మళ్లీ వాళ్లే రావాలి. రుచి చెడినా, రేటు పెంచినా ఆ సంగతి హాస్టల్ అంతా తెలిసిపోతుంది.

మొదట మోమోల బండి. నేపాల్ నుంచి వచ్చిన కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, తెలుగు బాగానే మాట్లాడుతున్నాడు. అతని చేతులు చూస్తూ నిలబడిపోయాం. చిన్న మైదా ఉండను తీసుకుని అప్పడాల కర్రతో ఒత్తుతాడు, అంచు పలచగా, నడుమ కాస్త మందంగా. నడుమ మందం లేకపోతే ఉడికేటప్పుడు అడుగు చిరుగుతుందట. చెంచాడు క్యాబేజీ, క్యారెట్, ఉల్లి తరుగు పెట్టి, ఎడమ బొటనవేలితో లోపలికి అదుముతూ, కుడిచేతి వేళ్లతో అంచును మడత మీద మడత వేసుకుంటూ పోతాడు. చివర చిన్న మెలి. కజ్జికాయలు చుట్టడంలో మా వీధిలో అమ్మకు పేరుంది. ఆ వేళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా, "చీర కుచ్చిళ్లు మాదిరి ఎంత బాగా పెడతాండావు నాయనా" అంది. అతను సిగ్గుపడి, ఇంకొకటి ఆమె కోసం నెమ్మదిగా చేసి చూపించాడు.

పది నిమిషాల్లో ఆవిరి గిన్నెలో నుంచి ప్లేటులోకి వచ్చాయి. పైపొర మెత్తగా ఉంది, దానిలోంచి లోపలి కూర లీలగా కనిపిస్తోంది. అమ్మ ఒకటి కొరికి "కారం కుడుమే ఇది" అంది. కుడుమే. టిబెట్, నేపాల్ వాళ్ల కుడుము. 1959 తర్వాత టిబెట్ శరణార్థులతో మన దేశంలో చాలా ఊళ్లకు చేరింది. మైసూరు దగ్గరి బైలకుప్పెలో 1961 నుంచీ వాళ్ల ఊళ్లున్నాయి. పక్కన పెట్టిన ఎర్ర చట్నీలో ఎండుమిరపకాయ, టమాటా, వెల్లుల్లి. మన దోశల మీద పూసే ఎర్రకారానికి తోబుట్టువులాగా ఉంది, ఉల్లిపాయ ఒక్కటే లేదు. ఆరింటికి 70 రూపాయలు, ఆ పనితనానికి తక్కువే. కొండ దిగి వచ్చేవాళ్లలో శాకాహారులు ఎక్కువ కాబట్టి ఒక మాట. మోమోల గిన్నెలు అంతస్తులుగా పేర్చి ఉంటాయి. పై గిన్నెలో చికెన్ ఉంటే ఆ నీరు కింది గిన్నెలోకి కారుతుంది. వెజ్‌కి వేరే పొయ్యి, వేరే గిన్నె ఉందా అని అడగండి. ఇతను వేరుగానే పెట్టాడు.

నాలుగడుగులు దాటాక గోబీ మంచూరియా తిన్నాం. తినాల్సింది కాదు. కుంకుమ పోసినంత ఎర్రగా ఉంది, చాలాసార్లు కాగిన నూనె వాసన. మంచూరియా అసలు చైనాది కాదు. 1970ల్లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే ఆయన చికెన్‌తో మొదలుపెట్టాడని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవి, సోయా సాస్ వాళ్లది. సోయా సాస్‌తో వచ్చేది గోధుమరంగే తప్ప ఆ ఎరుపు కాదు. శాంపిళ్లు పరీక్ష చేయించాక కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. "రంగు లేకుండా చేస్తావా అన్నా" అని అడగండి. పిండి ముందే కలిపేశానంటే ఆ బండి దాటిపోండి. మేం రెండు ముక్కలతో ఆపేశాం.

అక్కణ్ణుంచి ఎయిర్ బైపాస్ రోడ్డు. ఏసీ కెఫేలు, ఐస్‌క్రీం షాపులు, పిజ్జాలు, అరబ్బుల మాంసం పలావు 'మండీ' పెట్టే హోటళ్లు, ఆదివారం సాయంత్రం నడవడానికి చోటు లేదు. అమ్మకు కూర్చోవడానికి మెత్తటి సోఫా దొరికిందని ఒక కెఫేలోకి వెళ్లాం. పిల్ల బోబా టీ తెప్పించింది, 180 రూపాయలు. పాలు కలిపిన చల్లటి టీ, అడుగున నల్లటి గుండ్రటి గింజలు, వేలంత లావు స్ట్రా. రుచికని అమ్మ ఒక్క గుక్క పీల్చింది. నమిలింది, ఆగింది, మళ్లీ నమిలింది.

"ఇది సగ్గుబియ్యం కదే!"

పిల్ల పడీ పడీ నవ్వింది గానీ అమ్మ చెప్పిందే నిజం. బోబా టీ 1980ల్లో తైవాన్‌లో పుట్టింది. ఆ గింజలు చేసేది కర్రపెండలం పిండితో. సేలం, సామర్లకోట వైపు మన సగ్గుబియ్యం తయారయ్యేదీ ఆ దుంప పిండితోనే. మన పాయసంలో తెల్లగా చిన్నగా ఉండేది, ఇక్కడ బెల్లం పాకం పట్టించుకుని నల్లగా, చిన్న రేగ్గాయంత అయింది. సగ్గుబియ్యం వండేవాళ్లకు ఎవరికైనా తెలుసు, ఉడికిన కొన్ని గంటల్లోనే దాని రుచి. చల్లారి నిలవుంటే నడుమ పలుకు తేలుతుంది. మాకు వచ్చినవి అలాగే పలుకు తేలి ఉన్నాయి. ఎప్పుడు ఉడికించారని అడిగితే మధ్యాహ్నం అన్నారు. అక్కడి చీజ్ కేక్ నడుమ ఇంకా ఐసుముక్కలాగా ఉంది. కాపుచినో నురగ బాగుంది, కాఫీ లేదు.

బిల్లులో 5 శాతం జీఎస్టీతో పాటు 10 శాతం సర్వీస్ ఛార్జి వేశారు. జీఎస్టీ తప్పదు. సర్వీస్ ఛార్జి మాత్రం మన ఇష్టం. హోటళ్లు దాన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తీసేయమని మెల్లగా చెప్పాను, కౌంటర్లో అమ్మాయి మారు మాట్లాడకుండా కొత్త బిల్లు ఇచ్చింది. ఎవరైనా తీయనంటే 1915కు ఫోన్ చేయొచ్చు. వడ్డించిన పిల్లవాడు అమ్మకు దిండు తెచ్చి వెనక పెట్టాడు, అతని చేతిలో మేం విడిగా యాభై పెట్టాం. ఇవ్వాలనిపించిన మనిషికి ఇవ్వడం వేరు, అడక్కుండా కోసుకోవడం వేరు.

గదికి వచ్చే దారిలో బాదం పాల బండి. వెడల్పాటి ఇనప మూకుడులో పాలు సన్నటి మంట మీద మరుగుతున్నాయి. బండాయన గరిటెతో మీగడను అంచుకు తోస్తున్నాడు. గ్లాసు నింపి, పైన ఆ మీగడ తునక ఒకటి వేసి ఇచ్చాడు. 30 రూపాయలు. ఆ రాత్రి తీపి అంటే నాకు అదే. చీజ్ కేక్ అక్కడే మర్చిపోయాను.

అయితే ఈ ప్రయాణంలో నేను మళ్లీ తిరుపతి వెళ్లాలనుకునేది పొద్దుటి కాఫీ కోసం. గోవిందరాజస్వామి గుడి దగ్గరి సందులో చిన్న హోటలు, ఆరు బల్లలు. ఆరింటికే నిండిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 1911లో, అరవవాళ్లు ఎక్కువున్న ఉత్తర ఆర్కాటు నుంచి తిరుపతి వైపు తాలూకాలు కొన్ని, కడప నుంచి కొన్ని కలిపి చిత్తూరు జిల్లా చేశారు. ఆ అరవ వాసన ఇప్పటికీ ఇక్కడి పొద్దుటి తిండిలో ఉంది. నేతి పొంగలి, పలచటి సాంబారు, ఆ తర్వాత తప్పనిసరిగా డబరా గ్లాసులో కాఫీ. టీ అడిగినవాళ్లు ఒక్కరు కనిపించలేదు.

కాఫీ కలిపే ఆయన బల్ల పక్కనే నిలబడి చూశాను. మోచేయంత ఎత్తున్న ఇత్తడి ఫిల్టరు, కొళాయి తిప్పితే డికాషన్ నల్లగా, తేనెలా సన్నగా దిగుతోంది. గ్లాసులో ముందు అదే, రెండు వేళ్ల మందం. పాలు మాత్రం పొయ్యి మీదే పొగలు కక్కుతున్నాయి. డికాషన్‌ను మళ్లీ కాచడు, కాస్తే చేదెక్కుతుందన్నాడు. వేడి అంతా పాలదే. పైనుంచి ఒక్క ధారగా పోశాడు, నురగ అంచు దాకా వచ్చి ఆగింది. అమ్మను చూసి తనే అడిగాడు, "చక్కెర లేకుండా వెయ్యాల్నా అమ్మా?" ఆమె తలూపింది. చక్కెర లేని కాఫీ మా ఇంట్లో మందులా తాగుతుంది. అక్కడ రెండో గ్లాసు అడిగింది. పాలు చిక్కగా ఉంటే చక్కెర లోటు తెలియదని ఆయన అన్నాడు. ఒక్కోటి 20 రూపాయలు. నిన్నటి ఒక్క బోబా ధరకు తొమ్మిది కాఫీలు.

పొడి ఎక్కడ కొంటారని అడిగితే పక్క వీధిలో ఆడించే కొట్టు చూపించారు. గింజ ఎనభై, చికోరీ (కాఫీలో కలిపే వేరు పొడి) ఇరవై పాళ్లలో పావుకిలో ఆడించుకున్నాం. చికోరీ ఎక్కువైతే డికాషన్ చిక్కగా కనిపిస్తుంది గానీ గొంతులో కాఫీ నిలవదని కొట్టాయన చెప్పాడు.

పదకొండుకు కడప బస్సు. పిల్ల బస్టాండుకు వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. అమ్మ లడ్డూల సంచి సర్దుకుని, హాస్టల్ గురించీ చదువు గురించీ జాగ్రత్తలన్నీ చెప్పి, బస్సు కదులుతుండగా తల బయటపెట్టి అడిగింది:

"ఆ కుడుముల పిల్లోడు రోజూ ఉంటాడా?"

"సోమవారం సెలవు అవ్వా!"