కొబ్బరి పొట్టు: నాలుగు నెలల వాడకం తర్వాత

రాజమండ్రి పక్కన మా గుర్రపుశాలలో ఉన్నవి రెండే గుర్రాలు. నాలుగు నెలలుగా వాటి కింద ఎండు కొబ్బరి పొట్టు, అంటే కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక మిగిలే పొడి, పరుస్తున్నాను. అంతకుముందు వరిగడ్డి. రాత్రి పరిచిన గడ్డిలో సగం తెల్లవారేసరికి పెద్దదాని కడుపులో ఉండేది, మిగతా సగం దుమ్ముకు చిన్నది దగ్గేది. ఊక చవకే కానీ, మేతతో కలిపి నమిలితే కడుపునొప్పి వస్తుందని భయం. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది ఇక లోపలే. వడ్రంగి చిత్రిక పొట్టు మెత్తగా ఉంటుంది, నాకు ఇష్టం కూడా. ఒక సంచిలో మేకు దొరికాక ఆ ఇష్టం పోయింది.

కొబ్బరి పొట్టు తెప్పించిన మొదటిసారే మోసపోయాను. వ్యాపారి కడగని సరుకు పంపాడు. ఉప్పదనానికి చిన్నది రాత్రంతా నేలను నాకుతూ కూర్చుంది. ఇప్పుడు కడిగి ఎండబెట్టిందే తీసుకుంటున్నాను. రబ్బరు చాప మీద బెత్తెడు మందాన పోస్తే మూత్రం పక్కకు పారకుండా పడ్డచోటే ఇంకుతుంది. ఘాటు ఉందో లేదో నిలబడి చూస్తే తెలియదు. గుర్రం పడుకున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తుకు వంగి వాసన చూడాలి. గడ్డి ఉన్న రోజుల్లో అక్కడ నా కళ్లు మండేవి. ఇప్పుడు మండడం లేదు.

లోపాలూ ఉన్నాయి. రంగు ముదురుగా ఉండటంతో ఎక్కడ తడిసిందో కంటికి కనబడదు, చెయ్యి పెట్టి వెతకాలి. మరీ ఎండితే దుమ్ము లేస్తుంది, నీళ్లు చిలకరించాలి. అన్నిటికన్నా చికాకు గిట్టలతో. తడి పొట్టు అడుగున గాడుల్లో గట్టిగా కూరుకుపోతుంది. రెండు రోజులు గీకకపోతే నల్లటి కుళ్లు, భరించలేని కంపు. రోజూ గిట్టలు ఎత్తి గీకే ఓపిక లేనివారు దీని జోలికి పోవద్దు. వానాకాలంలో నిల్వకు పైకప్పున్న చోటు కూడా కావాలి.

లద్దె కలిసిన పాత పొట్టును కడియం నర్సరీవారు వచ్చి ఎత్తుకెళ్తున్నారు. ఒకప్పుడు పాడైన గడ్డిని తీసుకెళ్లమని నేనే బతిమాలేవాణ్ణి.

పెద్దది మాత్రం మొదటి వారం దాని మీద పడుకోనే లేదు, నిలబడే కునికింది. చివరికి పైన రెండు చేతుల గడ్డి చల్లాను. ముందు ఆ గడ్డి తినేసి, తర్వాత పడుకుంది.