బెంగళూరు ఎఫ్‌ఎంలో మా చీరల ప్రకటన: అయిదుకు రెండు స్టార్లు

మాది అనంతపురంలో చీరల అంగడి. "అన్నా, మా స్టేషన్ బెంగళూరులో నంబర్ వన్, హిందూపురం దాటి మీ దాకా వినిపిస్తుంది" అని ఒక ఏజెంటు రేటింగు కాగితం చూపించి, శ్రావణమాసానికి ప్రకటన పెట్టించినాడు. రికార్డింగు బాగుంది, చెప్పిన టయానికే వేసినారు, అబద్ధమెందుకు.

కాగితం కథే వేరు. అది ర్యామ్ రేటింగు, అంటే ఏ రేడియో స్టేషన్ ఎంతమంది వింటారో చెప్పే లెక్క. 2007లో మొదలైన ఆ లెక్క బెంగళూరు, ఢిల్లీ, ముంబై, కోల్‌కతాలది. ఎంచుకున్న కొందరికి డైరీలిచ్చి, ఎప్పుడు ఏ స్టేషన్ విన్నారో రాయిస్తారు. డైరీలన్నీ నగరంలోనివే. హిందూపురంలో వెయ్యిమంది విన్నా ఆ అంకె పెరగదు, ఒక్కరూ వినకపోయినా తగ్గదు! అమెరికాలో ఇట్లాంటి లెక్కలే వేసే నీల్సన్ కంపెనీ అయితే టవరు యాడుందని కాదు, వినేవాళ్ల ఇల్లు యాడుందని చూస్తుంది. పక్క ఊరి స్టేషనైనా తగినంత మంది వింటే ఈ ఊరి లెక్కలోకి వస్తుంది. మా పక్క డైరీ పట్టుకొచ్చినోళ్లను నేనైతే చూడలేదప్పా.

నేనే బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూసినా. పెనుకొండ కొండల కాడికొచ్చేసరికి గరగర తప్ప ఏమీ లేదు. రేడియోలో విని వచ్చినామన్నది ఇద్దరే, ఇద్దరూ బెంగళూరు యలహంకలో ఉండే మా బంధువులు. వచ్చే ఉగాదికి అనంతపురం ఆకాశవాణికే పోతా.