వేలికి తొడుగా, వాయిద్యంలో మార్పా?

1965లో బర్మింగ్‌హామ్‌లోని రేకుల ఫ్యాక్టరీలో గిటారిస్ట్ టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు మెషిన్‌లో పడి తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం, తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి తొడుగులు చేసుకుని, పైన తోలు అంటించాడు. ఖర్చు దాదాపు లేదు, గిటారూ మారలేదు. కానీ తీగ స్పర్శ తెలియదు, చెవినే నమ్ముకోవాలి. సన్నని తీగలూ వెతుక్కోవాల్సి వచ్చింది.

డ్రమ్మర్ రిక్ అలెన్ 1984 చివర్లో కారు ప్రమాదంలో ఎడమ చెయ్యే పోగొట్టుకున్నాడు. అక్కడ తొడుగు మాటే లేదు. ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కి పెడల్స్ పెట్టించి, ఎడమచేతి పనిని ఎడమకాలికి అప్పగించాడు. 1986లో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ రాక్ సంగీతోత్సవంలో వేదికెక్కాడు. ఎంత పట్టుదలో!

ఈ దారిలో కరెంటు, రిపేర్ల టెన్షన్, కొత్తగా సాధన తప్పవు. వేలు కొంతైనా మిగిలితే ముందు తొడుగునే ప్రయత్నించమంటాను. అలవాటైన వాయిద్యం దూరం కాదు.