చెట్టు బాగుంది, దాంతో ఇచ్చిన కార్డే బాగాలేదు: నల్ల పైన్ బోన్సాయ్‌తో ఏడు వారాలు

సిరిమాను పండక్కి విజయనగరంలో మా అక్కవాళ్ళింటికి వెళ్ళాను. మర్నాడు ఊరి బయట ఒక నర్సరీలో పైన్ బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా పెంచిన పైన్ చెట్టు, కొన్నాను. 4,200 చెప్పారు, బేరమాడితే 3,800కి ఇచ్చారు. మొక్కలంటే నాకు ప్రాణమే గానీ ఒక్క కుండీ మీద ఇంత డబ్బు పెట్టడం ఇదే మొదటిసారి. ఏడు వారాలు దగ్గరుండి చూశాక ఇది రాస్తున్నాను.

అక్కడ బెంచీ మీద ‘పైన్’ అని చీటీ కట్టిన కుండీలు ఎనిమిది ఉన్నాయి. అందులో నాలుగు పైన్ కానే కావు. మూడు జునిపర్లు, ఒకటి మనవాళ్ళు క్రిస్మస్ చెట్టని కొనుక్కునే అరకేరియా. కొనేముందు ఆకు చూడండి. పైన్ సూదులు ఒక్కొక్కటిగా రావు, గుత్తిగా వస్తాయి. గుత్తి మొదట్లో గోధుమ రంగు తొడుగు ఉంటుంది. జపాన్ నల్ల పైన్‌కి గుత్తికి రెండు సూదులు, మన హిమాలయాల చిర్ పైన్‌కి మూడు, జపాన్ తెల్ల పైన్‌కి అయిదు. నేను స్కూల్లో బయాలజీ చెబుతాను కాబట్టి అక్కడే నిలబడి లెక్కపెట్టాను. రెండు సూదులున్నదే తీసుకున్నాను. తెల్ల పైన్ చలికొండల చెట్టు, మన ఎండకి ఓర్చుకోలేదు. నల్ల పైన్ జపాన్‌లో సముద్రపు ఒడ్డున ఉప్పుగాలి తింటూ పెరిగేది. తైవాన్‌లాంటి వేడిప్రాంతంలో కూడా దీన్ని బోన్సాయ్‌గా పెంచుతారు. మన శ్రీకాకుళం గాలికి సరిపోతే ఇదే సరిపోవాలి.

చెట్టు మీద పనితనానికి మాత్రం వంక పెట్టలేను. ఎత్తు జానెడున్నర. వేళ్ళు నాలుగు వైపులా మట్టిని పట్టుకున్నట్టు పరుచుకున్నాయి. కాండం పైకి పోయేకొద్దీ సన్నబడింది. మొదలు దగ్గర బెరడు అప్పుడే పెచ్చులు కడుతోంది. ఇన్నేళ్ళు దీన్ని ఎవరు పెంచారో గానీ ఓపిగ్గా పెంచారు. రెండు గంటల బస్సు ప్రయాణం, ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికి రాగానే మా ఓనరు మామ్మగారు చూసి, "ఏటి తల్లీ, సరుగుడు మొక్కని పళ్ళెంలో పెట్టీసినావు?" అన్నారు. మన తీరమంతా సరుగుడు తోటలే కదా, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. సరుగుడు పుల్లని కణుపు దగ్గర లాగితే ముక్కలుగా ఊడి వస్తుంది. పైన్ సూదికి కణుపులుండవు. ఆవిడకి రెండూ చేతిలో పెట్టి చూపించాను. ఇప్పుడు మేడెక్కినప్పుడల్లా ఆవిడే ముందు దాన్ని పలకరిస్తారు.

ఇక కార్డు సంగతి. నర్సరీవాళ్ళు చెట్టుతో పాటు ఒక కార్డు ఇచ్చారు. ‘హాల్లో పెట్టండి, రోజూ అర మగ్గు నీళ్ళు పోయండి’ అని ఉంది. రెండూ తప్పే. పైన్ ఇంట్లో బతికే చెట్టు కాదు, దానికి ఆరుబయట నిండు ఎండ కావాలి. రోజూ లెక్కగా నీళ్ళు పోస్తే వేళ్ళు కుళ్ళుతాయి. నేను చీపురు పుల్ల ఒకటి కుండీ అడుగు దాకా గుచ్చి పది నిమిషాలు ఉంచుతాను. తీసి చెంపకి ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఆ పూట నీళ్ళు పొయ్యను. కార్తీకం మంచులో రెండు రోజులకోసారి పోస్తే చాలుతోంది. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి ధారగా కారేదాకా పోయాలి.

ఆ ధార కారడమే మొదట్లో పెద్ద సమస్య అయింది. మట్టి మీద తెల్ల గులకరాళ్ళు జిగురుతో అతికించేశారు. నీళ్ళు వాటిమీద చెరువులా నిలబడిపోయేవి. పదో రోజుకి సూదులు పసుపెక్కాయి. చెయ్యి తగిలితే చాలు, గుత్తులు గుత్తులుగా రాలాయి. ఆ రాత్రి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. తెల్లారాక కళ్ళజోడు పెట్టుకుని కొమ్మ కొమ్మా చూశాను. పసుపెక్కినవన్నీ లోపల, కాండం దగ్గరున్న పాత సూదులే. కొమ్మ చివర్లు ముదురాకుపచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఒక్కో చివర బియ్యపు గింజంత మొగ్గ, దాని మీద పట్టుపీచులాంటి తెల్లటి పొలుసులు. మొగ్గ అలా తెల్లగా ఉండటం నల్ల పైన్ లక్షణమే. శరదృతువులో పైన్ తన పాత ఆకుని తానే రాల్చుకుంటుంది. భయపడాల్సింది చివరి సూదులు వాడినప్పుడు, మొగ్గ ముడుచుకుపోయినప్పుడు.

అయినా నీళ్ళు నిలవడం మంచిది కాదు. మట్టి మార్చేద్దామని చెయ్యి దురద పెట్టింది గానీ ఆపుకున్నాను. ఈ కాలంలో వేళ్ళు కత్తిరిస్తే కొత్త వేళ్ళు పుట్టించుకునే జోరు చెట్టుకి ఉండదు. గులకరాళ్ళని చాకు మొనతో ఒక్కొక్కటే లేపాను, రెండు సాయంత్రాలు పట్టింది. కుండీని పక్కకి వంచి అడుగు కన్నాల్లో పేరుకున్న ఎర్రమట్టి పుల్లతో తీశాను. జాలీకి తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం కడగలేదు. అది పైన్ వేళ్ళకి తోడుండే శిలీంధ్రం, దాని వల్ల చెట్టుకి మేలే. ఎరువు కూడా నెల రోజులు ముట్టలేదు. తరవాత చిటికెడు వేరుశనగ చెక్క అంచుల్లో పెట్టాను, అంతే.

మధ్యలో వాయుగుండం హెచ్చరిక వచ్చింది. మా నాన్నగారిది ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో పద్దెనిమిది కొబ్బరి చెట్లుంటే మూడు మిగిలాయి. కూలిన చెట్ల మధ్య ఆయన మాట్లాడకుండా తిరగడం నేను చూశాను. అందుకే అక్టోబరులో వాన అంటే నా గుండె వేరేగా కొట్టుకుంటుంది. గాలి ఎక్కువగా ఉన్న రెండు రోజులూ కుండీని మెట్ల కింద పెట్టాను. వాన మాత్రమే మిగిలాక మళ్ళీ మేడ మీదికి తెచ్చి, ఒక వైపు ఇటుక ముక్క ఎత్తు పెట్టాను. కుండీ అలా వాలుగా ఉంటే నీళ్ళు ఒక మూలకి చేరి కారిపోతాయి. ఆ చిన్న పనే చెట్టుని కాపాడిందని నా నమ్మకం.

ఆకారం కోసం కొమ్మలకి చుట్టిన అల్యూమినియం తీగని వారం వారం చూడండి. ఈ కాలంలోనే పైన్ కొమ్మలు లావెక్కుతాయి, తీగ బెరడులోకి దిగుతుంది. నాకు ఆరో వారంలో ఒక కొమ్మ మీద గీత పడబోతోంది. తీగని తిప్పి విప్పకుండా కటింగ్ ప్లయర్‌తో ముక్కలుగా కత్తిరించి తీశాను. విప్పబోతే కొమ్మే విరగొచ్చు.

మొన్న అక్కవాళ్ళింటికి వెళ్ళినప్పుడు నర్సరీకి వెళ్ళి ఇదంతా చెప్పాను. యజమాని విసుక్కోకుండా విన్నారు. గులకరాళ్ళు అందం కోసం, రవాణాలో మట్టి ఒలక్కుండా అతికిస్తారట. కార్డు మారుస్తామన్నారు, నేను చూసిన బెంచీ మీద ఇంకా మారలేదు. చెట్టుకి అయిదుకి అయిదు ఇస్తాను, దాని చీటీకి, కార్డుకి ఒక్కటే. మాఘంలో మొగ్గ కదిలేటప్పుడు తీసుకొస్తే మట్టి ఉచితంగా మార్చిస్తామన్నారు. వెళ్తాను గానీ పాత మట్టి సగం ఉంచాలనీ, మిగతా సగానికి నాగావళి ఇసుక, ఇటుక బెడ్డలు జల్లెడ పట్టి నేనే తెస్తాననీ ఇప్పుడే చెప్పి వచ్చాను.