ఉర్బినోలో రెండు రాత్రులు

ఇటలీలోని కొండమీది ఊరు ఉర్బినోకు రైలు లేదు. ఏడ్రియాటిక్ తీరం వెంట వెళ్లే రైల్లో పెసారోలో దిగి బస్సెక్కితే సుమారు గంట ప్రయాణం. చాలామంది పెసారోలో సముద్రానికి ఎదురుగా గది తీసుకుని, పొద్దున కొండెక్కి సాయంత్రానికి దిగిపోతారు. అమ్మ, నేను పెసారోలో ఒక రాత్రి, ఉర్బినోలో రెండు రాత్రులు ఉన్నాం. మళ్లీ వెళితే మూడు రాత్రులూ కొండమీదే ఉంటాను.

పెసారోను తక్కువ చేయడం లేదు. చదునైన వీధులు, ఇసుక తీరం, సంగీతకారుడు రొస్సీని పుట్టిన ఇల్లు, లిఫ్టు ఉన్న హోటల్. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు అక్కడ హాయిగానే ఉంది. కానీ అలాంటి తీరపు ఊళ్లు ఇటలీలో ఇంకా ఉన్నాయి. ఉర్బినో మాత్రం ఒక్కటే.

బస్సు టికెట్టు ముందే కొనుక్కోండి. పొగాకు దుకాణాల్లో అమ్ముతారు. ఆదివారం బస్సులు తక్కువ. బస్సు ఆగే బోర్గో మెర్కతాలె కొండ కింద ఉంటుంది. అక్కడ తలెత్తితే డ్యూక్ భవనపు జంట గోపురాలు నేరుగా మీదికి లేచినట్లు కనిపిస్తాయి. పైకి వెళ్లడానికి లిఫ్టు ఉంది. గుర్రాల కోసం 15వ శతాబ్దంలో వాస్తుశిల్పి ఫ్రాంచెస్కో ది జోర్జో కట్టిన మెలికల బాట కూడా ఉంది. నేను దాని మీదుగా ఎక్కాను, అమ్మ లిఫ్టులో వచ్చింది.

బస విషయంలో దెబ్బతిన్నాం. ఊరి నడిబొడ్డున గది అన్నారు, అది నిజమే. అయితే అది నిట్టనిలువు వీధిలో, లిఫ్టు లేని మూడో అంతస్తు. యజమానురాలు పెట్టెలు తానే పైకి చేర్చింది, పొద్దున్నే వేడి కాఫీ ఇచ్చింది. మంచి మనిషి. కానీ మెట్ల సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. పెద్దవాళ్లతో వెళ్లేవారు వీధి వాలు ఎంత, మెట్లు ఎన్ని అని విడిగా అడిగి తెలుసుకోండి.

ఆ మెట్ల అలసటంతా డ్యూక్ భవనంలో మరిచిపోయాం. ఆ డ్యూక్, ఫెదెరీకో ద మొంతెఫెల్త్రో, కిరాయి సేనాని. యుద్ధాల్లో సంపాదించిన డబ్బుతో ఈ భవనం కట్టించి, చిత్రకారులను, పండితులను పిలిపించుకున్నాడు. ఇప్పుడది ప్రభుత్వ చిత్రశాల. పియేరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ‘క్రీస్తుకు కొరడా దెబ్బలు’ మీటరు వెడల్పు కూడా లేదు. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే గుర్తులేదు.

అమ్మను ఆపేసింది మాత్రం డ్యూక్ చదువుకునే చిన్న గది. గోడల నిండా రంగురంగుల చెక్కముక్కలు పొదిగి 1476 నాటికి పూర్తిచేసిన పని. సగం తెరిచిన బీరువాలు, పుస్తకాలు, వీణ లాంటి వాద్యం, ఒక ఉడుత, అన్నీ చదును చెక్కమీదే. అమ్మ తెలియకుండానే ఆ బీరువా తలుపు మూయడానికి చెయ్యి చాచింది. కాపలా ఉన్న అమ్మాయి నవ్వి, ముట్టుకోవద్దని సైగ చేసింది.

1483లో రాఫెల్ పుట్టిన ఇల్లు దగ్గరలోనే ఉంది. తండ్రి కూడా చిత్రకారుడే. పెరట్లో రంగులు నూరిన రాయి చూసి ‘సన్నికల్లులాగే ఉంది కదరా’ అంది అమ్మ. పదకొండేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లవాడని చెప్పాక ఆ రాయి దగ్గరే కాసేపు ఉండిపోయింది.

భోజనం విషయంలో శాకాహారులకు ఒక ముఖ్యమైన మాట. ఇక్కడి క్రెషా, పొరలు పొరలుగా వచ్చే పరోటా లాంటి రొట్టె, చూడగానే నోరూరిస్తుంది. లోపల ఆకుకూర, చీజ్ పెట్టించుకున్నా, పిండిలోనే పంది కొవ్వు కలుపుతారు. ‘స్త్రుత్తో (పంది కొవ్వు) ఉందా’ అని అడగండి. నేను తిన్నాను, చాలా బాగుంది. అమ్మ టమాటా పాస్తా, కాల్చిన కూరగాయలతో సరిపెట్టుకుంది. మధ్యాహ్నం రెండున్నర దాటితే వంటశాలలు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నరకే.

సాయంత్రం పగటి యాత్రికులు దిగిపోయాక చౌకు విద్యార్థులతో నిండిపోతుంది. ఇక్కడి విశ్వవిద్యాలయం 1506 నాటిది. ఇటుక గోడలు ఎర్రబడుతుంటే మెట్లమీద కూర్చుని వాళ్ల కబుర్లు వినడం కోసమైనా ఇక్కడ రాత్రి ఉండాలి.

మూడోరోజు బస్సుకు రెండు గంటల వ్యవధి ఉంది. కొండపైని కోటకు వెళదామా అని అడిగాను. ‘ఆ బీరువాల గది ఇంకోసారి చూద్దాం’ అంది అమ్మ. మళ్లీ టికెట్లు కొన్నాం.